కనక అవ్వ గొంతు

అరకులోయ,
14-6-2024, శుక్రవారం

తమ్ముడు ధర్మకు,

సంతకు దిగి, పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. మూడు శుక్రవారాలుగా ఇక్కడికి దిగిన ప్రతిసారీ నీకు ఫోన్ చేశాను. ‘మీటింగ్‌లో ఉన్నానక్కా, నేనే చేస్తా’ అన్నావు. నువ్వు చేసే వేళకు నేను జీపెక్కి పనసగుడ దారిలో ఉంటాను. మన ఊళ్లో సిగ్నల్ సంగతి నీకు తెలిసిందే. టవర్ నిలబెట్టి రెండేళ్లయింది, ఇంకా కరెంటు ఇవ్వలేదు.

బడులు తెరిచారు. నువ్వు చేసిన ‘మన మాట’ యాప్‌కు కొత్త అప్‌డేట్ వచ్చిందని మండల ఆఫీసులో మా బడి ట్యాబులు మూడింటిలోనూ ఎక్కించి పంపారు. ఒకటో తరగతి పిల్లలకు మన కువి భాష మాటలు నేను దాంతోనే చెబుతాను కదా. తెరిచి చూస్తే చాలా తప్పులున్నాయి. వాన వెలిశాక చెట్ల ఆకుల మీంచి పడే నీళ్లకు మనకు వేరే మాట ఉందని, అది దొరికిన రోజు నువ్వూ నేనూ ఎంత సంబరపడ్డామో గుర్తుందా? ఇప్పుడు దాని ఎదురుగా ఒట్టి ‘వాన’ అని ఉంది. ఇలాంటివి నలభై దాకా లెక్కపెట్టాను.

అంతకంటే పెద్దది ఇంకొకటి. మాట మీద నొక్కితే మనం రికార్డు చేసిన కనక అవ్వ గొంతు రావడం లేదు. గాసి తాతదీ రావడం లేదు. ఎవరో పట్నం అమ్మాయి పలుకుతోంది. నిన్న సాయంత్రం అవ్వ అలవాటుగా బడి వరండాలోకి వచ్చి కూర్చుంటే, పిల్లలు నొక్కి వినిపించారు. ఆవిడ కాసేపు విని, “ఏటే బేబీ, నా గొంతుకేటయినాది? ఈ గుంటెవరు?” అని మన భాషలోనే అడిగింది. పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

నువ్వు పనిలో తీరిక లేక ఎవరికో అప్పగించి ఉంటావు, వాళ్లకు తెలియక ఇలా చేసి ఉంటారు. నువ్వు కష్టపడనక్కర్లేదు. ఇది ఓపెన్ సోర్స్, ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు అని నువ్వే చెప్పావు. మా హెడ్మాస్టారు సర్వేశ్వరరావు గారు తన పాత ల్యాప్‌టాప్ నాకిచ్చారు. అందులో విండోస్‌కు బదులు ఉబుంటు ఉంది. యాప్‌ను అందులో ఎలా తయారుచేయాలో రాసి పంపు. నిదానంగా నేర్చుకుంటాను.

నీకిష్టమని పిప్పళ్లు కొంచెం ఎండబెట్టి ఉంచాను. ఎవరైనా వస్తే పంపుతాను.

నీ అక్క,
బేబి


హైదరాబాద్,
25-6-2024

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఆఫీసులో అందరూ కవరు చూసి వింతపడ్డారు. నేను బాగానే ఉన్నాను, పని మాత్రం ఊపిరి ఆడనివ్వడం లేదు.

గొంతుల సంగతి: పాత రికార్డింగుల్లో కోళ్ల చప్పుడు, గాలి చప్పుడు, అవ్వ దగ్గు ఉన్నాయి. క్వాలిటీ బాగాలేదని మార్చారు. దాన్ని పెద్దది చేయకు. తప్పుల జాబితా నాకు పంపు, వీలు చూసుకుని సరిచేయిస్తాను.

బిల్డ్ నువ్వు చేయాలా? చెప్పాలంటే అది చిన్న పని కాదు. రాసిన కోడ్‌ను ఫోన్‌లో నడిచే యాప్‌గా మార్చడాన్ని బిల్డ్ అంటాం. దానికి ముందు మెషిన్‌లో జావా ఉండాలి, ఆండ్రాయిడ్ పనిముట్ల మూట ఉండాలి, గ్రేడిల్ అనేది ఉండాలి, అది అడిగే లైబ్రరీలు వందకు పైగా ఉంటాయి. మామూలుగా అవన్నీ నెట్‌లోంచి దిగుతాయి. నీకు నెట్ లేదు. ఇక్కడి కుర్రాళ్లే కొత్త మెషిన్ సిద్ధం చేసుకోవడానికి రెండు రోజులు తంటాలు పడతారు.

అయినా నీ మొండితనం నాకు తెలుసు. నేను కాదంటే మాస్టారి బంధువులెవరినో పట్టుకుంటావు. అందుకే నా పాత ల్యాప్‌టాప్‌లోంచి ప్రాజెక్టు ఫోల్డరు ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతున్నాను. జావా, పనిముట్లు కూడా అందులోనే ఉన్నాయి. వెనక కాగితం మీద ఏ లైను తర్వాత ఏ లైను కొట్టాలో వరుసగా రాశాను. ఒక్క చుక్క తేడా వచ్చినా పని జరగదు. ఎర్రర్ వస్తే నీ మాటల్లో చెప్పకు, తెర మీద ఏం కనిపిస్తే అదే అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. అది చదివితే తప్ప నేను ఏమీ చెప్పలేను.

రెండు ప్రయత్నాలు చేసి వదిలేస్తావని నా నమ్మకం. ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు,
ధర్మ


పనసగుడ,
11-7-2024

తమ్ముడూ,

వదల్లేదు. వానలు పట్టుకున్నాయి. నాలుగు రోజులు కరెంటు లేదు, మడ్డివలస మలుపులో చెట్టు పడింది. ఐదో రోజు వచ్చింది. అప్పటినుంచి బడి వదిలాక రోజూ గంటసేపు నువ్వు రాసిన కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను.

మొదటి రోజు ‘జావా హోమ్ ఈజ్ నాట్ సెట్’ అని వచ్చింది. మాస్టారు చూసి, “ఏటమ్మా ఇది? జావాకి ఇల్లు కావాలంటదేటి? మనకే క్వార్టర్ శాంక్షన్ కాలేదు!” అన్నారు. నీ కాగితం మూడో లైనులో గీత ఒకటి నేను వదిలేశానని తర్వాత తెలిసింది. అది సరిచేశాక ‘ఎస్‌డీకే లొకేషన్ నాట్ ఫౌండ్’ అంది, అంటే నువ్వు పంపిన పనిముట్ల మూట దానికి కనిపించలేదట. దానికి రెండు రోజులు పట్టింది. ‘లోకల్ ప్రాపర్టీస్’ అనే చిన్న ఫైలు తెరిచి చూస్తే అందులో నీ ల్యాప్‌టాప్ ఫోల్డరు దారి ఉంది. నీ పేరు మీద ఉన్న ఫోల్డరు కోసం ఈ మెషిన్‌లో వెతుకుతోంది పాపం. నా దారి రాశాను. సరిపోయింది! నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

ఇప్పుడు ఇక్కడ ఆగింది. వెనక పేజీలో తెర మీది ఎర్రర్ మొత్తం ఎక్కించాను, పదిహేడు లైన్లు. చివర ‘నో క్యాష్డ్ వెర్షన్ అవైలబుల్ ఫర్ ఆఫ్‌లైన్ మోడ్’ అని ఉంది. లైబ్రరీలేవో నువ్వు పెట్టలేదనుకుంటాను.

కనక అవ్వ రోజూ వచ్చి నా పక్కన కూర్చుంటుంది. “వచ్చిందా నా గొంతు?” అని అడుగుతుంది. ఇంకా రాలేదు అవ్వా అంటే, అడ్డాకులు కుట్టుకుంటూ ఉండిపోతుంది. మూడేళ్ల కిందట మొదటిసారి రికార్డు చేయడానికి వెళ్లినప్పుడు ఆవిడ ఎంతకీ నోరు విప్పలేదు, గుర్తుందా? ‘మా మాట డబ్బాలో పెట్టుకుపోయి ఏం చేస్తారు’ అంది. నువ్వు ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టి, ‘ఇది అందరిదీ అవ్వా, ఎవరూ కొనలేరు, ఎవరూ అమ్మలేరు, నీ పేరు ఎప్పటికీ ఉంటుంది’ అని చెప్పాక కదా ఆవిడ మొదలుపెట్టింది. మనిద్దరికీ బొడ్డు కోసిన మనిషి. ఆ రోజు నిన్ను చూసి నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేదు నీకు. ఇప్పుడు చెబుతున్నాను.

మిగతా లైబ్రరీలు బేగి పంపు.

నీ అక్క,
బేబి


హైదరాబాద్,
24-7-2024

అక్కా,

రెండో పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. నా మెషిన్‌లోని గ్రేడిల్ క్యాష్, అంటే అది దాచుకున్న లైబ్రరీలు, మొత్తం అందులో ఉంది. దాన్ని నీ హోమ్ ఫోల్డరులో పెట్టి, కాగితం మీద చివరి లైను మళ్లీ కొట్టు. చివర ‘ఆఫ్‌లైన్’ అనే మాట మరిచిపోకు.

ఒక మాట. అవ్వకు నేను ఏం చెప్పానో నాకు గుర్తుంది, నువ్వు గుర్తు చేయనక్కర్లేదు. ఏదైనా అడగదలచుకుంటే సూటిగా అడుగు, కాళ్లకు దణ్ణాలు, గర్వాలు అంటూ డొంకతిరుగుడుగా గుచ్చవద్దు. ఇక్కడ నేను ఎలాంటి ఒత్తిడిలో ఉన్నానో కొండ మీద కూర్చున్న మీకెవరికీ తెలియదు. ప్రతి చిన్న సంస్థకూ వంద కాగితాలు, వంద సంతకాలు. యాప్ ఒకటి ఊరికే గాలిలో నిలబడదు.

బిల్డ్ వచ్చినా రాకపోయినా ఈ నెలతో ఆపేయ్. పిల్లలకు పాఠం చెప్పుకో.

ధర్మ


అరకులోయ,
16-8-2024, శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకేమీ తోచలేదు. నిన్ను గుచ్చాలని కాదురా. నిజంగానే మురిసిపోయి రాశాను. నా రాత అలా అనిపించి ఉంటే తప్పు నాదే, మనసులో పెట్టుకోకు. ఒత్తిడి అంటే ఏమిటో నాకేం తెలుసు. వేళకు తింటున్నావా?

మంచి కబురు చెబుతాను. మొన్న ఆదివాసీ దినోత్సవం సెలవు. పొద్దున తొమ్మిదింటికి కూర్చుని చివరి లైను కొట్టాను. తెర మీద అంకెలు పది శాతం, నలభై శాతం అని పాకుతూ వచ్చి, ఎనభై ఏడు దగ్గర ఆగిపోయాయి. నా ప్రాణం కూడా అక్కడే ఆగింది. ఆరు నిమిషాల తర్వాత ‘బిల్డ్ సక్సెస్‌ఫుల్’ అని పచ్చటి అక్షరాలు వచ్చాయి. మాస్టారు సైకిల్ దిగకుండానే కేక పెట్టారు. నువ్వు పంపిన పాత ఫోల్డరులో గొంతులన్నీ భద్రంగా ఉన్నాయి. ఒక ట్యాబులో మండల ఆఫీసు ఎక్కించిన యాప్ తీసేసి నాది ఎక్కించి, అవ్వకు వినిపించాను. తన గొంతు తాను విని, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ముసిల్దానివయిపోనావే” అని ట్యాబుతో అంది.

ఆ ఉత్సాహంలో తప్పుపడిన మాటలు సరిచేసి, నువ్వు రాసిన ప్రకారం, ప్రతి మార్పూ లెక్క రాసి ఉంచే గిట్‌లో భద్రపరచబోయాను. ‘నువ్వెవరో చెప్పు’ అని అడిగింది. పేరు రాశాను. నా పేరు ఎక్కిందో లేదో చూద్దామని లాగ్ తెరిచాను. మొదటినుంచి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా తేదీలతో ఉంది. నాకు పూర్తిగా అర్థం కాలేదు, తప్పుగా చదువుతున్నానేమో కూడా. కానీ పోయిన నవంబరులో ఎవరో మాటలు ఇచ్చిన మన పదకొండు మంది పేర్లున్న ఫైలు తీసేశారు. ఇది ఎవరిదో, ఎవరు వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ అనే ఫైలు కూడా మార్చి మీ కంపెనీ పేరు పెట్టారు.

ఆ రెండు మార్పుల దగ్గరా నీ పేరు ఉంది. అందుకే భయపడి వెంటనే రాస్తున్నాను. నీ కంప్యూటరులో కూర్చుని నీ పేరుతో ఎవరో ఈ పని చేశారు. పాస్‌వర్డ్ మార్చుకో. ఆఫీసులో నీ పక్కవాళ్లను అంతగా నమ్మకు. నీకు ముందే తెలిసి, ఆ దిగులుతోనే పోయిన ఉత్తరం అలా రాశావేమో. నాకు చెప్పొచ్చు కదా.

జాగ్రత్త.

నీ అక్క,
బేబి


హైదరాబాద్,
27-8-2024

అక్కా,

ఆ ఫోల్డరులో ఇక ఏమీ ముట్టుకోకు. నువ్వు తయారుచేసిన యాప్ ఏ ట్యాబులోనూ ఉంచకు, ఎవరికీ ఇవ్వకు. రెండు పెన్‌డ్రైవ్‌లూ వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో నాకు తిరిగి పంపు. మాస్టారికి కూడా చూపించవద్దు. ఇది కంపెనీ వ్యవహారం, నీకు అర్థం కాదు. లేనిపోని చిక్కులు వస్తాయి, నాకూ నీకూ.

ఎవరూ నా పాస్‌వర్డ్ తీసుకోలేదు.

ధర్మ


అరకులోయ,
6-9-2024, శుక్రవారం

ధర్మా,

నీ ఉత్తరంలో చివరి లైను చదవడానికి నాకు వారం పట్టింది. చదివాను, మడిచాను, మళ్లీ చదివాను.

పెన్‌డ్రైవ్‌లు పంపడం లేదు. మాస్టారిని కూర్చోబెట్టి లాగ్ మొత్తం చదివించుకున్నాను. ఆయన ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. అరవై మూడు మార్పులు. మొదటి యాభై ఎనిమిదీ చదువుతుంటే మన మూడేళ్లూ కళ్లముందు నడిచాయి. ‘అక్క పంపిన దుంపల పేర్లు చేర్చాను.’ ‘సోములు మామ చెప్పిన చేపల పేర్లు.’ ‘పోలయ్య పెదనాన్న పాడిన నాట్ల పాట.’ నువ్వే రాశావు అవన్నీ. అంత ముద్దుగా రాసుకున్న చేతితోనే యాభై తొమ్మిదోది రాశావు.

తేదీ 17 నవంబరు 2023. సాయంత్రం ఆరూ పన్నెండు. తీసేసిన ఫైలు ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది, ప్రతి పేరు ముందూ ఒక అడ్డగీత ఉంటుంది. కనక, గీత. గాసి, గీత. సోములు, గీత. చివర నా పేరు. పేర్లు తీసేశాక ఏం మార్పు చేశావో ఒక్క మాటలో రాయాలట. ‘క్లీనప్’ అని రాశావు. అంటే చెత్త ఊడ్చడం అని మాస్టారు చెప్పలేక చెప్పారు.

ఆ రోజు శుక్రవారం. క్యాలెండరు చూశాను. ఆ మధ్యాహ్నం నేను ఇదే అరుగు మీదినుంచి నీకు ఫోన్ చేశాను. చావు ఇంట్లో పాడే పాటలు అవ్వ ఎన్నడూ బయటివాళ్ల ముందు పాడదు కదా, ఒప్పించి పాడించాను, ఈ రోజే ఆ మెమరీ కార్డు నీకు పోస్టు చేశాను అని చెప్పాను. ‘నువ్వు లేకపోతే ఇది లేదక్కా’ అన్నావు. అది అన్న మూడు గంటలకు నా పేరు ముందు గీత పెట్టావు.

నువ్వు పెద్ద చదువు చదివావు, నీకు తెలిసినవన్నీ నాకు తెలియవు. కానీ ఇదొక్కటి చెప్పు. అవ్వ గొంతు బాగాలేదని తీసేశారు కదా, మరి ఆ పాటలు ఎక్కడున్నాయి? ఎవరి దగ్గరున్నాయి? ఏం చేస్తున్నారు వాటితో?

నేను సూటిగానే అడుగుతున్నాను.

బేబి


హైదరాబాద్,
22-9-2024

అక్కా,

అడిగావు కాబట్టి దాచకుండా చెబుతాను.

నేను ఇక్కడ చేరి నాలుగేళ్లు. ‘కోటా సీటులో వచ్చినవాడు’ అనే మాట క్యాంటీన్‌లో నా వీపు వెనక ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేను రాసిన కోడ్‌ను ఇంకొకరు మళ్లీ చూసేవారు, మిగతావాళ్లది చూసేవారు కాదు. పోయిన దసరా ముందు ఒక మీటింగులో ‘మన మాట’ చూపించాను. అవ్వ గొంతు వినిపించాను. గదిలో అందరూ మొదటిసారి నా వైపు తిరిగి కూర్చున్నారు. కొండ భాషలు అర్థం చేసుకునే మెషిన్ ఒకటి తయారుచేస్తున్నాం, దీన్ని ఇస్తావా, ఆ టీముకు నువ్వే లీడ్ అన్నారు.

ఇవ్వాలంటే ఒకే యజమాని ఉండాలన్నారు. పదకొండు మంది పేర్లుంటే పదకొండు మంది సంతకాలు కావాలి. ‘ఇవన్నీ నేను సొంతంగా సేకరించినవి, హక్కులన్నీ నావే’ అని ఒక కాగితం ఇచ్చారు. సంతకం పెట్టాను. రికార్డింగులన్నీ ఇప్పుడు కంపెనీ సర్వర్లలో ఉన్నాయి. చావు పాటలు కూడా. మెషిన్‌కు నేర్పడానికి వాడారు. అవి వెనక్కి తీయడం ఇక ఎవరి చేతిలోనూ లేదు, నా చేతిలో అసలే లేదు.

మిమ్మల్ని అడగకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు. అడిగితే అవ్వ వద్దంటుందని నాకు తెలుసు. వద్దన్నాక చేస్తే అది దొంగతనం. అడగకుండా చేస్తే పని జరిగిపోతుందనుకున్నాను. ఇలా రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

ఒకటి మాత్రం ఆలోచించు. జూన్‌లో నీకు ఫోల్డరు పంపేటప్పుడు గిట్ చరిత్ర తీసేసి పంపడం నాకు క్షణంలో పని. తీయలేదు. నువ్వు చూడాలని నాలో ఏ మూలో ఉండి ఉంటుంది.

ఊళ్లో చెప్పకు అక్కా. నేను ఇక ఆ ఊరికి ఎలా వస్తాను? నీ కాళ్లు పట్టుకుంటాను.

ధర్మ


అరకులోయ,
18-10-2024, శుక్రవారం

ధర్మకు,

చెప్పాను. నువ్వు వద్దన్నావని నాలుగు రోజులు ఆగాను. ఆ నాలుగు రోజులూ అవ్వ ఎప్పటిలాగే వచ్చి నా పక్కన కూర్చుంది. ఐదో రోజు ఇక నా వల్ల కాలేదు.

పేర్లున్నవాళ్లందరినీ బడి వరండాలోకి రమ్మన్నాను. పదకొండులో ఇద్దరు ఇప్పుడు లేరు, వాళ్ల ఇళ్లవాళ్లు వచ్చారు. నీ ఉత్తరం మన భాషలోకి మార్చి మొదటినుంచి చివరిదాకా చదివాను. క్యాంటీన్ మాటలు కూడా చదివాను, నీ వైపు నుంచి చెప్పాల్సింది నేను మింగేయకూడదు కదా. ‘సర్వర్’ అన్న చోట ఆగిపోయాను. మన భాషలో దానికి మాట లేదు. ‘ఎక్కడుందో మనం చూడలేని ఇల్లు’ అన్నాను.

గాసి తాత చాలాసేపు చుట్ట చేతిలో తిప్పుతూ, “అయితే నా మాట ఇప్పుడెవల్దే?” అన్నాడు. సోములు మామ నిన్ను తిట్టాడు. పోలయ్య పెదనాన్న, “ఆడ్ని అంటారేటి, కుర్రోడు అక్కడ ఒక్కడూ అయిపోనాడు” అన్నాడు. నీ కోసం మాట్లాడినది ఆయన ఒక్కడే, నీకు తెలియాలి.

కనక అవ్వ నిన్ను ఒక్క మాట కూడా అనలేదు. నన్ను అడిగింది. “ఆడు దణ్ణమెట్టినాడని నేను పాడనేదు. నువ్వడిగినావని పాడినాను. చచ్చినోళ్ల పాట నీకిచ్చినాను. ఆడికి పంపినదెవులు?” అంది. నేనే పంపాను అవ్వా అన్నాను. “నా గొంతు తీసెయ్” అంది.

కంపెనీ దగ్గర ఉన్నది నేను తీయలేను అని చెప్పాను. “నీ సేతిలో ఉన్నకాడికి తియ్యి.”

నాలుగు వందల పన్నెండు రికార్డింగులు. అవ్వ నా పక్కన కూర్చుంది. ఒక్కొక్కటీ చివరిసారి వినిపించమంది. విన్నాక తల ఊపేది, నేను తీసేసేదాన్ని. రెండు రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి కోడిపెట్టను తోలుతూ నువ్వు నవ్విన నవ్వు కూడా వినిపించింది. దానికీ తల ఊపింది.

అన్నీ అయ్యాక, “పూర్తిగా పోనాదా?” అని అడిగింది. అబద్ధం చెప్పాలనిపించింది. కానీ గిట్ సంగతి నువ్వే నేర్పావు, పైన తీసేసినా లోపల పాతది దాచి ఉంచుతుంది. అదే చెప్పాను. అదీ తీయమంది. లాగ్ మొత్తం నా నోటుబుక్కులో ఉంది కాబట్టి, చరిత్ర ఉన్న ఫోల్డరు చెరిపేసి, అవ్వ గొంతు లేని కోడ్‌తో కొత్తగా మొదలుపెట్టాను. నీ పెన్‌డ్రైవ్‌లు రెండూ అవ్వ చేతిలో పెట్టాను. ఏం చేసిందో నేను అడగలేదు. నువ్వు చేర్చిన యాభై ఎనిమిది మార్పుల చరిత్ర అలా పోయింది. నాకు బాధ లేదని చెప్పను.

మిగిలినవాళ్లలో ఐదుగురు తమవి కూడా తీసేయమన్నారు. గాసి తాత, సోములు మామ, పోలయ్య పెదనాన్న, చనిపోయిన రత్నాలు పిన్ని కూతురు మాత్రం ఉండనీ అన్నారు. ‘పిల్లలు నేర్చుకోవద్దా’ అన్నాడు తాత. పాత లైసెన్స్ మాస్టారు నాలుగుసార్లు చదివారు. ఒకసారి అందరికీ అని ఇచ్చేశాక ఆ పాత ప్రతిని ఎవరూ వెనక్కి తీసుకోలేరట, నువ్వు కూడా. కాబట్టి అక్కడినుంచే నేను నడుపుకుంటాను. మొన్న సోమవారం నాలుగు గొంతులతో, నాలుగు పేర్లతో మళ్లీ బిల్డ్ చేశాను. ఏ ఎర్రరూ రాలేదు. పక్కన ఎవరూ లేరు, చప్పట్లు కొట్టుకోలేదు. మూడు ట్యాబుల్లోనూ కంపెనీ యాప్ తీసేసి ఇది ఎక్కించాను. సంతలో కలిసిన నాలాగే మన భాష చెప్పే ఇంకో రెండు బడుల వాలంటీర్లకు కూడా ఇచ్చాను. నీ పేరు అందులో ఉంచాను. ‘కోడ్ రాసినవాడు ధర్మ’ అని. రాసింది నువ్వే కాబట్టి. నేను ఎవరి పేరు ముందూ గీత పెట్టను.

నేను చూడాలనే చరిత్ర తీయకుండా పంపానని రాశావు. ఆ మాట ఎన్నిసార్లో చదివాను. నిజమై ఉండొచ్చు. కానీ చెప్పాల్సింది నువ్వు. అది నేను వెతికి తెలుసుకునేలా వదిలేసి, దాన్ని నీ మంచితనంలో కలుపుకోకు.

ఊరికి ఎలా రావాలి అని అడిగావు. నాకు తెలియదు. దారి నేను మూయలేదు, తెరవడం కూడా నా చేతిలో లేదు. నేనే ఆ ఊళ్లో ఎలా ఉండాలో ఇంకా తేల్చుకోలేదు.

అవ్వ ఇప్పుడు బడి వైపు రావడం లేదు. ఆవిడ తెలుగు మాట్లాడేది సంతలో బేరానికి, ఆఫీసుల్లో దండాలకు మాత్రమేనని నీకు తెలుసు. నిన్న వాగు దగ్గర ఎదురుపడింది. నెత్తి మీద బిందె ఉంది. తిన్నావా అవ్వా అని మన భాషలో అడిగాను. ఆవిడ దారి పక్కకు తప్పుకుని నాకు చోటిచ్చి, తల వంచుకుని, తెలుగులో, “తిన్నాం మేడమ్” అంది.

బేబి